ఆకు ముందా, గట్క ముందా

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు మా మనవరాలు శ్రావణి నన్ను తన బడికి తీసుకుపోయింది. అక్కడ ఆమె సైన్సు చెబుతుంది. దాంతోపాటు పిల్లల ఆరోగ్యం సంగతి కూడా ఆమె మీదే వేశారు. వారానికోసారి ఆ పాఠం ఉంటుంది. నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, నువ్వేం మాట్లాడొద్దు అమ్మమ్మా అని ముందే చెప్పింది. నా నోటి సంగతి ఆమెకు తెలుసు. ఆరోగ్య పాఠమంటే పళ్లు తోముకోవడం, గోళ్లు తీసుకోవడం అనుకున్నాను. ఆమె పుస్తకం తెరవనే లేదు. మనసు బాగాలేనప్పుడు మీ ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది అని పిల్లలను అడిగింది. ఒకడు కడుపులో అన్నాడు. ఒకమ్మాయి గొంతులో అంది. ఇంకొకామె లేచి, "మా డాడీ దుబాయికెల్లి ఫోన్ చేసి, నాతోని మాట్లాడకుంట అన్నతోనే మాట్లాడి పెట్టేస్తడు మేడం. అప్పుడు నాకు చెవులు కాల్తయి" అంది. ఎవరూ నవ్వలేదు. "చెవులు కాలినప్పుడు ఏం జేస్తవ్?" అని శ్రావణి అడిగితే, "మా అన్న నెత్తి మీద ఒక్కటిస్త" అంది. అప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

గంట కొట్టాక ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, మీ చిన్నప్పుడు గిసొంటి పీరియడ్ ఉండెనా?" అని అడిగింది. "నాకు బడే లేకుండె బిడ్డా" అన్నాను. ఆమె నమ్మలేదు. "గట్లెట్ల? నువ్వు పుస్తకాలు రాస్తవని మేడం చెప్పింది గదా" అంది. నిజమే, రాస్తాను. కానీ నేను అక్షరాలు దిద్దింది పెళ్లీడు వచ్చాక. అందుకే నా రాతలో సొగసు తక్కువ. ఉన్నది ఉన్నట్టు రాయడం ఒక్కటే నాకు చేతనైంది. జగిత్యాలకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పిల్లకు జవాబు సగమే చెప్పానని అనుకున్నాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మేము కోరుట్లలో ఉండేవాళ్లం. మా వాడలో మగవాళ్లు తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవారు, ఆడవాళ్లు బీడీలు చేసేవారు. ఇంట్లో అడుగు పెట్టగానే మూడు వాసనలు ఒకేసారి తగిలేవి: తడి గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, చాటలో పోసిన తంబాకు ఘాటు, మూలన కల్లు కుండ పులుపు. కొత్త చుట్టాలు గడప దాటకముందే తుమ్మేవారు. మేము తుమ్మేవాళ్లం కాదు. ఆ ఘాటు మా బట్టల్లో, జడల్లో, దుప్పట్లలో కలిసిపోయింది. తంబాకు సంచి తలాపున పెట్టుకుని పడుకునే పిల్లలం మేము. నేను పెద్దదాన్ని. నడక వచ్చిన కొన్నాళ్లకే నా ఒళ్లోకి చాట వచ్చింది. నా తర్వాత పుట్టిన లచ్చవ్వను, మా లచ్చిని, మాత్రం బడిలో వేశారు. ఒక ఇంటి నుంచి ఒక్క పిల్లయినా బడికి పోతే కల్లు లెక్కలు చూసుకోవచ్చు అని మా బాపు ఆశ.

మేము నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు మాట తక్కువ మనిషి. వెలుగు రాకముందే లేచి, ముఖం కడుక్కుని, పొయ్యి ముందు కూర్చునేవాడు. అవ్వ ఆయనకు మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, మజ్జిగ పెట్టేది. ఒక పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, ఎవరితో ఏమీ మాట్లాడకుండా తినేవాడు. తర్వాత నడుముకు కత్తుల తిత్తి కట్టుకుని, చెట్టెక్కే తాడు, దాన్ని మోకు అంటారు, భుజాన వేసుకుని పోయేవాడు. ఆయన పోగానే అవ్వకు, నాకు, లచ్చికి ఆకు పని మొదలు. రాత్రి నానబెట్టిన తునికాకును రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి. ఈనె అడ్డం రాకూడదు, అంచు చిరగకూడదు. ఆకు ఆరితే విరుగుతుంది కాబట్టి తడి మీద ఉన్నప్పుడే, పొద్దున్నే కోసేయాలి.

అవ్వకు ఒక గట్టి నియమం ఉండేది. మా అవ్వకే కాదు, మా వాడలో అందరికీ ఉండేది. ఆకు కోత అయ్యేదాకా ఎవరూ తినకూడదు. గట్కలోకి నూనె తొక్కు వేసుకుంటాం, చేతికి జిడ్డు అంటుతుంది, ఆ చేత్తో ఆకు పట్టుకుంటే మరక పడుతుంది. మరక పడ్డ బీడీని కార్ఖానాలో తీసి అవతల పారేస్తారు. అందుకని ముందు ఆకు, తర్వాత గట్క. మాకు అది దేవుడు చెప్పినంత మాట. కోత అయ్యేసరికి బడి గంట వినబడేది. లచ్చి కత్తెర కింద పడేసి, సంచి తీసుకుని, లంగాకు చేతులు తుడుచుకుంటూ ఉరికేది. అప్పట్లో బడిలో అన్నం పెట్టేవారు కాదు. మధ్యాహ్నం ఇంటికి ఉరికి వచ్చి, అవే చేతులతో గబగబా రెండు ముద్దలు మింగి మళ్లీ ఉరికేది. అన్నం మరక ఆకుకు అంటకుండా అంత జాగ్రత్తపడ్డవాళ్లం, తంబాకు అన్నానికి అంటకుండా చూసుకోవాలని మాకెవరికీ తోచలేదు.

ఒకనాడు లచ్చి బడిలో ప్రార్థన వరుసలో నిలబడి నిలబడే కింద పడిపోయింది. గాలి సోకింది అన్నది అవ్వ. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది, చేతికి నల్లదారం కట్టింది. కొన్నాళ్లకు మళ్లీ పడింది. ఈసారి పక్కనున్న సాబేరా టీచరమ్మ లేపి కూర్చోబెట్టింది. ఆమె మెట్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేది. లచ్చి చేతులు పట్టుకుని వాసన చూసి, "ఛీ, ఏం తంబాకు కంపే ఇది!" అంది. అంతమంది పిల్లల ముందు అంది. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చిన లచ్చి మళ్లీ బడికి పోలేదు. మర్నాడూ పోలేదు. పిల్లలు ముక్కులు మూసుకుని తన చుట్టూ తిరిగారని చెప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది. బాపు విన్నాడు. "పోకుంటే పోకున్నది. బడికి పోవట్టినంకనే పడుడు మొదలైంది. మానిపిస్త" అన్నాడు. మా ఇంట్లో బాపు ఒకసారి అన్నాడంటే అంతే.

నాకు నిద్ర పట్టలేదు. నేను ఎన్నడూ ఎక్కని బడి మెట్లు నా చెల్లె ఎక్కుతుంటే అవి నావే అనుకుని బతికినదాన్ని. తెల్లారి చాట పక్కన పెట్టి నేరుగా బడికి పోయాను. వరండాలో సన్నటి, పొడుగాటి టీచరమ్మ నిలబడి ఉంది.

"సాబేరా టీచరంటే నువ్వేనా?" అన్నాను.

"హా, నేనే. నువ్వెవరు?"

"లచ్చవ్వ అక్కను, నర్సవ్వను. నా చెల్లె చేతులు కంపన్నవట. గా కంపుతోనే మా పొయ్యి మండుతది. వాసనొస్తే నీ ముక్కు మూసుకోవాలె, నోరెందుకు తెరిచినవ్?"

లోపలి నుంచి పెద్దసారు బయటికి వచ్చాడు. పిల్లలు కిటికీల్లో గుంపుకట్టారు. ఆమె మాత్రం తొణకలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సారును లోపలికి పొమ్మని సైగ చేసి, మెట్టు మీద తను కూర్చుని పక్కన నాకు చోటు చూపించింది.

"గలతీ నాదే. అందరి ముందట అనకపోవాలె. కూసో జెర" అంది. "లచ్చవ్వ పొద్దుగాల ఏం తింటది?"

"ఏం తింటది? ఆకు కోసినంక గట్క తింటది."

"ఆకు కోసుడు ఎప్పుడైతది?"

"బడి గంట గొట్టేయాళ్లకు."

"మరి గట్క తినుడెప్పుడు?"

 అంత పెద్ద నోరు వేసుకుని పోయినదాన్ని, పోయి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం బస్సు వదులుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. అవ్వ గోనెపట్ట వేస్తే దాని మీద కూర్చుంది. ఆమె కొంగు తంబాకు చాటలో పడ్డది, చూసుకోలేదు. లచ్చి గుమ్మం వెనక దాక్కుంది. టీచరమ్మ ఆమెను పిలవలేదు, బతిమాలలేదు. అవ్వతో మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున పిల్లను ఎందుకు తిననియ్యరు అని అడిగింది.

"జిడ్డు చెయ్యి ముడితే ఆకు మరక వడ్తది టీచరమ్మా" అంది అవ్వ. "కార్ఖానాల ఏరేటాయన ఒక్కొక్క బీడీని వెలుగుకు పెట్టి చూస్తడు."

"మరి తంబాకు చెయ్యితోని గట్క తింటే?"

అవ్వ నవ్వింది. "కడుపును ఎవ్వలు వెలుగుకు పెట్టి చూస్తరమ్మా?"

"నేను చూస్త" అంది టీచరమ్మ. "నీ బిడ్డ కడుపుల గట్క లేదు. వట్టి కడుపు మీద తంబాకు ఘాటు పీలుసుకుంట కూసుంటది, ఎండల నిలవడ్తది. పడదా? గాలి గాదు, దయ్యం గాదు. భూక్. ఆకలి."

అప్పుడే బాపు వచ్చాడు. కల్లు కుండ దించి, మోకు మేకుకు తగిలించి, పొడవాటి కొత్త మనిషిని చూసి తలకు చుట్టిన తువ్వాల తీశాడు. సంగతంతా విన్నాడు. టీచరమ్మ ఒకటే అడిగింది: పొద్దున లచ్చిని ఆకు ముట్టనియ్యొద్దు, తిన్నాకే బడికి పంపాలి. 

"నీ మాట మంచిదే టీచరమ్మా" అన్నాడు బాపు. "గని పిల్ల మళ్ల వడి, తలకాయ బండకు తాకి పలిగితే నువ్వు అతికిస్తవా? ఇంట్ల ఉంటే నా కండ్ల ముందట ఉంటది. సదువు లేకుంటే సావరు. నేను సచ్చిన్నా?"

 దానికి జవాబు నా దగ్గర ఉంది. నేను చేస్తున్న బీడీ అట్లాగే పట్టుకుని అడిగాను.

"బాపూ, నువ్వు కడుపుల ఏం పడకుంట తాడెక్కుతవా?"

"ఎందుకెక్కుతనే? పిచ్చా?"

"ఎక్కితే ఏమైతది?"

"కండ్లు తిరుగుతయి. పట్టు తప్పుతది. మొన్న పెద్ద వాగు కాడ గాయనకు గట్లనే..." అని ఆగిపోయాడు.

"మరి లచ్చి?" అన్నాను.

మేకుకు వేలాడుతున్న మోకు వైపు చూశాడు. తర్వాత గుమ్మం వెనక కనిపిస్తున్న లచ్చి లంగా అంచు వైపు చూశాడు. కోపం అవ్వ మీదికి తిప్పాడు. "గింత ముచ్చట నీకన్న తోచకపాయెనా?"

అవ్వ ఊరుకునే మనిషి కాదు. "పొద్దుగాల నువ్వు గట్క తినేటప్పుడు పిల్ల ఎదురుంగనే కూసుంటది. ఒక్కనాడన్న మొఖం చూసినవా? మిరపకాయను చూసినంత పిల్లను చూడవైతివి" అంది.

టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. బాపు కూడా మీసాల్లోనే నవ్వాడు. "సరే, దసరా సెలవుల దాకా చూస్త" అన్నాడు. "మళ్లొక్కసారి వడ్డదా, నేనే వచ్చి చెయ్యి పట్టుకొని తీస్కపోత. అప్పుడు ఎవ్వల మాట ఇన."

మర్నాడు లచ్చి ఇంకా భయపడుతూనే బడికి పోయింది. ప్రార్థన అయ్యాక సాబేరా టీచరమ్మ పిల్లలందరి ముందు నిలబడి, "మొన్న లచ్చవ్వను నేను అన్న మాట తప్పు. తంబాకు చేతులకుంటది, కడిగితే పోతది. మనిషికి అంటది అనుకునుడు మన గలతీ" అందట. లచ్చి ఇంటికి వచ్చి నాకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం మా వాడలో ఎవరూ చూసి ఎరగరు. ఇప్పుడు ఇంత బతుకు చూశాక చెబుతున్నాను, ఆరోగ్య పాఠం అంటే ముందు అదే.

లచ్చి వంతు ఆకు నా మీద పడింది. కోపం రాలేదంటే అబద్ధం. బాపుతో పాటే లేచేదాన్ని. నా కత్తెర ఆడుతుంటే, ఎదురుగా బాపు, లచ్చి పక్కపక్కన కూర్చుని గట్క తినేవారు. మొదట్లో లచ్చికి ముద్ద దిగేది కాదు. మేము పని చేస్తుంటే తను తినడం ఆమెకు తప్పులా ఉండేది. బాపు తన మజ్జిగలో సగం ఆమె గిన్నెలో పోసేవాడు, మిరపకాయ తొడిమ తుంచి ఆమె వైపు జరిపేవాడు. ఆయనకు ప్రేమ చూపించడం అంతే వచ్చు. టీచరమ్మ ఇచ్చిన సబ్బుబిళ్లను లచ్చి గూట్లో పెట్టి, తినే ముందు చేతులు కడిగించకుండా ఎవరినీ వదిలిపెట్టేది కాదు. తిన్నాక కడుక్కునే చేతులను తినకముందు కడుక్కోవడం మా అవ్వకు ఎంత వింతగా ఉండేదో! "గీ పిల్ల నా పెండ్లి చేసేటట్టున్నది" అని తిట్టుకుంటూనే కడుక్కునేది.

ఇప్పటి బడులు చూస్తుంటే నాకు కుళ్లు కాదు, గర్వంగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, గుడ్డు పెడుతున్నారు, రక్తం పట్టే మాత్రలు, నులిపురుగుల మాత్రలు ఇస్తున్నారు, బరువు తూస్తున్నారు. అట్లాగని అంతా బాగుందని అనను. కడుపు నిండా తిండి ఉండీ, లావవుతామని పొద్దున ఏమీ తినకుండా వచ్చే ఆడపిల్లలు శ్రావణి క్లాసులో ఉన్నారు. ఇంట్లో అమ్మానాన్నల కొట్లాట కడుపులో పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. అప్పుడు మాది ఒక రకం ఆకలి, ఇప్పుడు వీళ్లది ఇంకో రకం. తేడా ఒక్కటే. మా కాలంలో పిల్ల పడిపోయాక దయ్యం పేరు వెతికారు. ఇప్పుడు పిల్ల పడకముందే ఎట్లున్నవ్ అని అడిగే మనిషి ఒకరు బడిలో ఉన్నారు. సరిగ్గా అడుగుతారా, మొక్కుబడికి అడుగుతారా అన్నది ఆ మనిషిని బట్టి.

అప్పుడు బాపు గడువు పెట్టిన దసరా దగ్గరపడింది. ఒక పొద్దున బాపు చెట్ల వైపు పోకుండా బడి వైపు తిరిగాడు. నేను రోజూ ఏదో వంకతో ప్రార్థన వేళకు బడి గోడ పక్కన నిలబడి లచ్చిని చూసి వచ్చేదాన్ని. ఆ రోజు చూస్తే గేటు దగ్గర బాపు, నడుముకు కత్తులు, భుజాన మోకు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. పాట అయిపోయింది. పెద్దసారు మాటలు మొదలుపెట్టాడు. క్రమశిక్షణ అన్నాడు, పరిశుభ్రత అన్నాడు, దేశం అన్నాడు. ఎండ చురుక్కుమంటోంది. "ఈ సారు మాటలు ఎప్పుడొడుస్తయే?" అని బాపు నన్ను అడిగాడు. నా కళ్లు లచ్చి మీదే ఉన్నాయి.

ధబ్బుమని చప్పుడైంది. వరుస చెదిరింది. బాపు మోకు కింద పడేసి గేటు లోపలికి ఉరికాడు, వెనక నేను. గుంపును తోసుకుని పోయి చూస్తే కింద పడింది లచ్చి కాదు. మా వెనక సందులో బీడీలు చేసే ఇంటి పిల్ల దేవమ్మ. లచ్చి నేల మీద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఉంది. టీచరమ్మ నీళ్ల గ్లాసుతో వచ్చేలోపే, దేవమ్మ చెంపలు తడుతూ లచ్చి అడుగుతోంది:

"దేవీ, పొద్దుగాల ఏం తిన్నవే?"

"ఏం తినలే" అంది దేవమ్మ కళ్లు తెరవకుండానే. "ఆకు కోసుడు ఒడువలే."

టీచరమ్మ గ్లాసు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఇంక ఆమె అడగాల్సింది ఏమీ మిగలలేదు. తర్వాతి కాలంలో మా లచ్చి పెగడపల్లి వైపు ఊళ్లలో నర్సుగా తిరిగి, ఆ ఒక్క ప్రశ్నే కొన్ని వేల ఇళ్లలో అడిగి ఉంటుంది. మొదటిసారి అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

 బాపు పడేసిన మోకు దులిపి భుజాన వేసుకున్నాడు. గేటు దాకా వచ్చి నా వైపు తిరిగాడు.

"నువ్వేందే, రోజు వచ్చి గోడకు బల్లి లెక్క అతుక్కుంటున్నవట? లోపటికి పో."

"నేనా? నాకు పెండ్లీడొచ్చింది బాపూ. ఇంట్ల ఆకున్నది."

"ఆకు నేను కోస్త. తాళ్లు గీసేటోనికి ఆకు కోయరాదా?"

"నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వితే పండ్లు కనవడ్తయి, గంతే గద."

ఆయన కోసిన ఆకులో ఒక్కటీ బీడీకి పనికిరాలేదని అవ్వ తర్వాత ఏళ్లకేళ్లు చెప్పుకుని నవ్వింది. నేను మాత్రం లోపలికి పోయాను. అందరికన్నా చిన్న పిల్లల గదిలో, అందరి వెనక, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. సాబేరా టీచరమ్మ నా చేతిలో పలక పెట్టబోయి ఆగింది.

"నర్సవ్వా, పొద్దుగాల తిన్నవా?"

"లే" అన్నాను.

గదంతా ఘొల్లుమంది. ఆమె నవ్వలేదు. పలక పక్కన పెట్టి, సబ్బు ఇచ్చి తొట్టి దగ్గరికి పంపింది. కడుక్కుని వచ్చేసరికి తన టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. "ముందుగాల తిను. అక్షరాలు యాడికి ఉరికిపోవు" అంది. అంతమంది పిల్లలు చూస్తుండగా, బడిలో కూర్చుని నేను మొట్టమొదట చేసిన పని జొన్నరొట్టె తినడం.